ఆ కాలేజీ ఎవరితో తగవుపడి పుట్టింది? నార్వే వాళ్ల లూథరన్ కాలేజీల చరిత్ర చదివే పద్ధతి

ఇంటర్ అవ్వగానే డిగ్రీకే అమెరికా వెళ్తామనే పిల్లలు ఈమధ్య పెదవాల్తేరులో మా ఇంటిదాకా వస్తున్నారు. చేతిలో ద్వారకానగర్‌లో ఎవరో కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన జాబితా ఉంటుంది. సెయింట్ ఓలాఫ్, లూథర్, కాంకార్డియా, ఆగ్స్‌బర్గ్, అగస్టానా, పసిఫిక్ లూథరన్. పేరు పక్కన ఊరు, ఫీజు, ఎంత స్కాలర్‌షిప్ రావచ్చో ఒక అంకె, స్థాపించిన సంవత్సరం. పిల్లలు స్కాలర్‌షిప్పు చూస్తారు, తల్లిదండ్రులు సంవత్సరం చూస్తారు. "1861 అటండీ, అంత పాతదంటే మంచిదే అయ్యుంటుంది" అంటారు.

నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నాకు ఆ సంవత్సరం ఒక్కటీ చాలదు. ఈ కాలేజీలన్నీ నార్వే నుంచి వలసపోయిన రైతులూ వాళ్ల పాస్టర్లూ కలిసి పెట్టుకున్నవి. దాదాపు ప్రతిదాని వెనకా ఒక తగవుంది. ఆ తగవేమిటో పట్టుకుంటే కాలేజీ ఇవాళ్టికీ అలా ఎందుకు నడుస్తోందో చాలావరకు తెలిసిపోతుంది. ఎలా పట్టుకోవాలో చెబుతాను. ఒక నోట్‌బుక్కు, ఇంటర్నెట్టు, ఒక సాయంత్రం తీరిక ఉంటే చాలు. ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లకు దీంతో పెద్దగా పని లేదు. ఇవి ముఖ్యంగా డిగ్రీ కాలేజీలు, చాలావాటిలో మన బీటెక్ లాంటి ఇంజనీరింగ్ డిగ్రీ కూడా ఉండదు. అది ముందే చూసుకోండి, చేరాక ఏడవొద్దు.

ముందు, ఏ లూథరన్లో తేల్చుకోండి

మనకు లూథరన్ అనగానే గుంటూరు గుర్తొస్తుంది. 1842లో అక్కడికి చేరిన ఫాదర్ హేయర్, 1885లో మొదలైన ఆంధ్ర క్రైస్తవ కళాశాల, ఊరూరా గుళ్లున్న ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం. అదీ అమెరికా లూథరన్ల పనే. అయితే వాళ్లు జర్మన్ మూలాలున్నవాళ్లు, నార్వే వాళ్లకంటే చాలా ముందు అమెరికాలో స్థిరపడినవాళ్లు. మనకు ఇంకా దగ్గర్లో, సాలూరు, కోరాపుట్ వైపు 1880ల్లో వచ్చిన మిషనరీలు అమెరికా మాటే లేకుండా జర్మనీ ఉత్తర కొస ష్లెస్విగ్-హోల్‌స్టైన్ నుంచి వచ్చారు. ఇక 1805లోనే మన విశాఖలో దిగిన క్రాన్, డే గ్రాంజెస్ లండన్ మిషన్ వాళ్లు, లూథరన్లే కారు. "మా తాతగారు మిషన్ స్కూల్లో చదివారు, అందుకే మీ కాలేజీ అంటే మాకు అభిమానం" అని అప్లికేషన్‌లో రాయబోయే పిల్లలు ఈ శాఖలు ఒకసారి చూసుకోవాలి. గుంటూరు మిషన్‌ను తెచ్చి సెయింట్ ఓలాఫ్‌కు అంటగడితే చదివేవాళ్లకు ఇట్టే దొరికిపోతారు.

నార్వే వాళ్ల కథ 1825లో మొదలవుతుంది. స్టవాంగర్ రేవులో రెస్టరేషన్ అనే చిన్న ఓడ ఎక్కి 52 మంది బయల్దేరారు. ఆ తర్వాత నూరేళ్లలో ఎనిమిది లక్షల మందికి పైగా వెళ్లారు. విస్కాన్సిన్, అయోవా, మిన్నెసోటా, డకోటాల్లో భూములు చేసుకున్నారు. నార్వేలో అప్పట్లో చర్చి ప్రభుత్వానిది. పాస్టర్‌ని ప్రభుత్వమే పంపేది. అమెరికాలో ప్రభుత్వం చర్చి జోలికి రాదు. పాస్టర్ కావాలంటే సముద్రం దాటించి రప్పించుకోవాలి, రావడానికి ఒప్పుకునేవాళ్లు తక్కువ. అందుకని తమ పాస్టర్లను తామే చదివించుకోవాల్సి వచ్చింది. మొదటి కాలేజీలకు అసలు కారణం ఇదే. పిల్లల చదువు, భాష, సంస్కృతి అన్నవి తర్వాత కలిసినవి.

అందరూ నార్వే వాళ్లే, అందరూ లూథరన్లే అయినా ఒక్క చర్చి పెట్టుకోలేదు. రైతుబోధకుడు హౌగె బాటలో నడిచి, గౌను తొడిగిన పాస్టర్లను అంతగా నమ్మనివాళ్లు 1846లో ఎల్లింగ్ ఐల్సెన్ వెనక ఒక సంఘం కట్టారు. నార్వేలో యూనివర్సిటీ చదువు చదివొచ్చిన పాస్టర్లు 1853లో నార్వేజియన్ సైనడ్ పెట్టారు. సైనడ్ అంటే సంఘాలన్నీ కలిసిన పెద్ద సభ అనుకోండి. ఈ రెండింటికీ మధ్యన ఉన్నవాళ్లు ఇంకో రెండు మూడు ముక్కలు. నోట్‌బుక్కులో మీ కాలేజీ పేరు కింద మొదటి గీత మీద రాయాల్సింది ఇదే: పుట్టినప్పుడు ఏ సైనడ్‌ది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే మిగతావి సులువు. ఇప్పుడు ఏ చర్చితో ఉందన్నది తర్వాత సంగతి. వీటిలో చాలావరకు 1988లో ఏర్పడిన ఎవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికాతో ఉన్నాయి గనక ఆ జవాబు పెద్దగా ఏమీ చెప్పదు.

పేర్లతో జాగ్రత్త

అగస్టానాలు రెండున్నాయి. ఇల్లినాయ్‌లో రాక్ ఐలాండ్‌లో ఉన్నది స్వీడన్ వాళ్లది. సౌత్ డకోటాలో సూ ఫాల్స్‌లో ఉన్నది నార్వే వాళ్లది. తమాషా ఏమిటంటే రెండూ 1860లో షికాగోలోనే పుట్టామంటాయి, రెండూ నిజమే చెబుతున్నాయి. అప్పుడు స్వీడన్ వాళ్లూ నార్వే వాళ్లూ ఒకే సైనడ్, ఒకే పాఠశాల. అది 1863లో పాక్స్‌టన్ అనే ఊరికి మారింది. 1869లో నార్వే వాళ్లు వేరుపడి విస్కాన్సిన్‌లో మార్షల్ అనే ఊరు చేరారు.

కాంకార్డియాలు ఇంకా ఎక్కువ. మిన్నెసోటాలోనే రెండున్నాయి: మూర్‌హెడ్‌లోది నార్వే వాళ్లది, 1891. సెయింట్ పాల్‌లోది జర్మన్ల మిస్సోరి సైనడ్‌ది. బెథనీలూ అంతే, మాన్‌కేటో ఊళ్లోది నార్వే శాఖ, కాన్సాస్‌లోది స్వీడన్ శాఖ. లూథరన్లకు ప్రమాణమైన పత్రాల పేర్లూ, బైబిల్లోని ఊళ్ల పేర్లూ కాలేజీలకు పెట్టుకోవడం వల్ల వచ్చిన తిప్పలివి. గుస్తావస్ అడాల్ఫస్ స్వీడన్ వాళ్లది, డానా డెన్మార్క్ వాళ్లది. మీ జాబితాలో పేరు పక్కన ఊరూ రాష్ట్రమూ లేకపోతే ఆ జాబితా ఇచ్చినవాళ్లను అడిగి రాయించుకోండి. ఒక కాంకార్డియాకి కట్టాల్సిన అప్లికేషన్ ఫీజు ఇంకో కాంకార్డియాకి కట్టినవాళ్లున్నారు.

తగవు పట్టుకోవడం

అసలు పని ఇక్కడుంది. కాలేజీ వెబ్‌సైట్‌లో 'చరిత్ర' అన్న పేజీ ఉంటుంది. అది చదవండి, కానీ నమ్మేసి ఆగిపోవద్దు. ఏ కాలేజీ అయినా తన కథ పెళ్లిచూపులకొచ్చినవాళ్ల ముందు చెప్పినట్టే చెబుతుంది. అబద్ధం ఉండదు, కొన్ని సంగతులు మాత్రం లోపలి గదిలో ఉండిపోతాయి. అందుకని నేను చెప్పే పద్ధతి ఒక్కటే: ఒకే కాలంలో తగవుపడిన రెండు కాలేజీల పేజీలు పక్కపక్కన తెరవండి. ఒకరు దాటేసిన సంవత్సరం దగ్గర రెండోవాళ్లు ఆగి చెబుతారు.

లూథర్ కాలేజీతో మొదలుపెట్టండి. 1861, అయోవా రాష్ట్రం, డెకోరా ఊరు అని జాబితాలో ఉంటుంది. 1861 అంటే ఏమిటో పదో తరగతి పుస్తకం గుర్తున్నవాళ్లకు వెంటనే తట్టాలి: అమెరికాలో అంతర్యుద్ధం మొదలైన ఏడాది. ఆ రెండింటికీ ఏం సంబంధం? ఉంది. అప్పటిదాకా నార్వేజియన్ సైనడ్ తన కుర్రాళ్లను పాస్టర్ చదువుకు సెయింట్ లూయిస్‌లో జర్మన్ల కాంకార్డియా సెమినరీకి పంపేది. అక్కడ వాళ్ల తరఫున పాఠాలు చెప్పడానికి 1859 నుంచి లౌర్ లార్సెన్ అనే పాస్టర్ ఉండేవాడు. యుద్ధం రాగానే ఆ సెమినరీ మూతపడింది, కుర్రాళ్లు ఇళ్లకొచ్చేశారు. వచ్చాక ఊళ్లలో గుసగుసలు మొదలయ్యాయి: బానిసత్వం దానంతటది పాపం కాదని బైబిల్ ప్రకారం ఆ జర్మన్ ప్రొఫెసర్లు అంటున్నారట, మన లార్సెన్ కూడా అదే అంటున్నాడట.

రైతులకు మండిపోయింది. వాళ్ల కొడుకులు ఉత్తరాది సైన్యంలో చేరుతున్నారు. హాన్స్ క్రిస్టియన్ హెగ్ నాయకత్వంలో విస్కాన్సిన్ 15వ రెజిమెంట్ దాదాపు అంతా నార్వే, స్కాండినేవియా కుర్రాళ్లే. ఆ హెగ్ 1863లో చికమాగా యుద్ధంలో పోయాడు. 1861 జూన్‌లో సైనడ్ సభ జరిగితే రైతు ప్రతినిధులు పాస్టర్లను నిలదీశారు. పాస్టర్లు మెలికలు తిప్పి ఒక ప్రకటన రాశారు: బానిసత్వం దానంతటది పాపం కాదు, కానీ చెడు, తీసేయాల్సిందే. సంతకం పెట్టిన క్లౌసెన్ అనే పాస్టర్ తర్వాత మనసు మార్చుకుని ఆ మాట వెనక్కి తీసుకున్నాడు, చివరికి 1868లో సైనడ్‌నే వదిలేశాడు. ఆ సభలోనే తేలింది: పిల్లల్ని ఇక సెయింట్ లూయిస్ పంపేది లేదు, మనదే పెట్టుకుందాం. సెప్టెంబర్‌లో లా క్రాస్ దగ్గర హాఫ్‌వే క్రీక్‌లో ఖాళీగా ఉన్న పాస్టర్ ఇంట్లో తరగతులు మొదలయ్యాయి, లార్సెనే ప్రెసిడెంటు. మరుసటి ఏడాది డెకోరాకి మారారు. 1902 దాకా ఆయనే.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెబుతాను. కాలేజీ కావాలన్న తీర్మానం యుద్ధానికి ముందే ఉంది, నిజమే. అయినా డబ్బులిచ్చేవాళ్లు అనుమానపడకపోతే అది ఇంకో పదేళ్లు కాగితం మీదే ఉండేది. చందాలిచ్చిన రైతు, ప్రొఫెసర్ ముఖాన ప్రశ్న అడిగిన చోట పుట్టిన కాలేజీ అది. 1865లో పెద్ద భవనం ప్రారంభమైతే చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలమంది వచ్చారు. ఆ భవనం 1889లో కాలింది, మళ్లీ కట్టారు, 1942లో మళ్లీ కాలింది.

ఇప్పుడు సెయింట్ ఓలాఫ్, ఆగ్స్‌బర్గ్ పేజీలు పక్కపక్కన తెరవండి. నాకు బాగా ఇష్టమైన జత ఇది.

ఆగ్స్‌బర్గ్ ముందు పుట్టింది. ఇందాక మార్షల్ అని చెప్పాను చూడండి, 1869లో స్వీడన్ వాళ్లతో విడిపోయి వచ్చిన ఆ ఊళ్లోనే, ఔగుస్ట్ వేనాస్ ప్రెసిడెంటుగా. 1872లో మినియాపొలిస్ నగరానికి మారింది. 1876 నుంచి గేయార్గ్ స్వెర్‌ద్రుప్ చేతికొచ్చింది. ఆయనదీ స్వెన్ ఉఫ్తెడాల్‌దీ ఒకటే పట్టు: పాస్టర్ అనేవాడు ఊరి జనంలోంచి రావాలి, జనానికి పైన కూర్చునే దొర కాకూడదు. కాబట్టి చిన్న తరగతుల నుంచి సెమినరీ దాకా చదువంతా ఒకే తాడు, మధ్యలో తెంపకూడదు.

సెయింట్ ఓలాఫ్ దారి వేరు. 1874 నవంబర్ 6న పత్రాల మీద సంతకాలయ్యాయి. హోల్డెన్ అనే పల్లె సంఘం పాస్టర్ బెర్న్ట్ యూలియస్ మూస్, మిన్నెసోటాలోని నార్త్‌ఫీల్డ్ ఊళ్లో వ్యాపారి హెరాల్డ్ థోర్సన్, ఇంకొందరు. 1875 జనవరి 8న 36 మంది పిల్లలతో, ఊళ్లో పాత బడి భవనంలో మొదలైంది. ప్రిన్సిపాల్ థోర్‌బ్యోర్న్ మూన్. పాస్టర్లను తయారుచేయడం లక్ష్యం కాదు, పదిహేనేళ్లు దాటిన రైతుల పిల్లలూ కొట్లవాళ్ల పిల్లలూ చదువుకుని తమ పనులు తాము చూసుకోవాలి, విశ్వాసం పోకూడదు. మొదటి రోజు నుంచే ఆడపిల్లలున్నారు.

(మూస్ గురించి ఒక సంగతి. ఆడపిల్లలకు తలుపు తెరిచిన ఈ పెద్దమనిషి మీద 1880 ప్రాంతంలో ఆయన భార్య ఊలీనే కోర్టుకెళ్లింది. తండ్రి నుంచి తనకొచ్చిన ఆస్తి డబ్బు భర్త దగ్గరే ఉంచేసుకున్నాడని. నార్వే చట్టం ప్రకారం నాది అని ఆయన, మిన్నెసోటా చట్టం ప్రకారం నాది అని ఆవిడ. ఆ సంఘమంతా రెండుగా చీలిపోయింది. కాలేజీ చరిత్ర పేజీలో ఇలాంటిది వెతకాలంటే చాలా కిందికి దిగాలి. మహానుభావుల ఇళ్లు ఎక్కడైనా ఒకటే.)

1880ల్లో ఇంకో పెద్ద తగవు వచ్చింది. రక్షణ ఎవరికన్నది దేవుడు తన ఇష్టంతోనే ముందు నిర్ణయించాడా, మనిషి విశ్వాసాన్ని ముందే చూసి నిర్ణయించాడా? మనకు ఇది అద్వైతం, విశిష్టాద్వైతం వాదనలంత దూరంగా అనిపించొచ్చు గానీ, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు, ఒకే పల్లెలో రెండు చర్చిలు లేచాయి. 1887లో సైనడ్ చీలింది. సెయింట్ ఓలాఫ్ వెళ్లిపోయినవాళ్ల పక్షాన ఉంది, లూథర్ ఉండిపోయినవాళ్ల పక్షాన ఉంది. సెయింట్ ఓలాఫ్ స్కూలు 1889లో కాలేజీ అయింది. 1890లో వెళ్లిపోయినవాళ్లూ, ఆగ్స్‌బర్గ్ వాళ్లూ, ఇంకో చిన్న సైనడ్డూ కలిసి యునైటెడ్ చర్చి కట్టుకున్నారు. కలవడానికి రాసుకున్న ఒప్పందం ప్రకారం ఆగ్స్‌బర్గ్ పాస్టర్ల సెమినరీ, సెయింట్ ఓలాఫ్ చర్చి కాలేజీ.

స్వెర్‌ద్రుప్‌కు ఒళ్లు మండింది. మా చదువు ఒకే తాడు అన్నానా, కాలేజీ ముక్క కోసి ఇంకొకరికిస్తారా? ఆగ్స్‌బర్గ్‌ను చర్చి పేర రాసివ్వం అన్నారు. వాళ్లను చల్లార్చడానికి 1893లో చర్చి సెయింట్ ఓలాఫ్‌నే వదిలేసింది. అయినా చల్లారలేదు. కోర్టు దాకా వెళ్లి, 1897లో ఆగ్స్‌బర్గ్ వర్గం లూథరన్ ఫ్రీ చర్చి పేరుతో విడిపోయింది. 1899లో సెయింట్ ఓలాఫ్‌ను మళ్లీ చర్చి దగ్గరికి తీసుకుంది. మధ్యలో ఆరేళ్లు మూన్ ఎవరినో ఒకరిని అడుక్కుంటూ కాలేజీని నిలబెట్టాడు.

ఈ 1893 సంవత్సరాన్ని రెండు సైట్లలోనూ వెతకండి. ఎవరు ఎంతసేపు ఆగారో చూడండి. ఆ ఆగడంలోనే కాలేజీ గుణం కనబడుతుంది. చర్చి అండ లేకుండా ఆరేళ్లు బతికిన సెయింట్ ఓలాఫ్ తనను తాను ముందు కాలేజీ అనుకుంది, తర్వాతే చర్చి సంస్థ అనుకుంది. సంగీతం దానికి ఊపిరి: 1906లో వాళ్ల బ్యాండు నార్వే వెళ్లి వాయించింది, మెలియస్ క్రిస్టియన్సెన్ 1912లో కట్టిన సెయింట్ ఓలాఫ్ క్వైరు నేటికీ ప్రపంచమంతా తిరుగుతోంది. గణితంలోనూ పేరుంది. జనంలోంచి రావాలన్న ఆగ్స్‌బర్గ్ నగరం మధ్యన ఉండిపోయింది. ఇప్పుడు దాని చుట్టూ సీడర్-రివర్‌సైడ్ పేటలో సోమాలియా నుంచి వచ్చినవాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటారు. వలస వచ్చినవాళ్ల కోసం పుట్టిన కాలేజీ కొత్త వలసల మధ్యన ఉండటం స్వెర్‌ద్రుప్‌కు నచ్చేదనే నా నమ్మకం.

మా ఆడపడుచు మనవరాలికి ఇదంతా చెబుతుంటే, "ఏటి మామ్మా, సీటు కోసం వాళ్ల తగాదాలన్నీ బట్టీపట్టాలా?" అంది. బట్టీ అక్కర్లేదు. ప్రతి కాలేజీకీ ఒక్క వాక్యం రాసుకో: ఎవరిని కాదని పుట్టింది, ఏది కావాలని పుట్టింది. అంతే.

ఎవరిని రానిచ్చారు, డబ్బెవరిది

రెండు చిన్న ప్రశ్నలు, ఒక్కోదానికి పది నిమిషాలు చాలు.

ఆడపిల్లలు ఏ ఏడాది నుంచి? సెయింట్ ఓలాఫ్‌లో 1875 నుంచి. ఆగ్స్‌బర్గ్‌లో 1920ల తొలినాళ్లలో. లూథర్‌లో 1936లో. పాస్టర్ల కోసం పెట్టినవి ఆలస్యం, మామూలు జనం కోసం పెట్టినవి ముందు. స్థాపించిన సంవత్సరం కన్నా నాకు ఈ సంవత్సరమే ఎక్కువ చెబుతుంది. ఇది ఈ కాలేజీలకే కాదు, మన ఊళ్లో కాలేజీలకూ వేసి చూడండి.

డబ్బు? మన దగ్గర పాత కాలేజీలు చాలావరకు జమీందార్లు, మహారాజులు ఇచ్చిన వాటి మీద లేచాయి. ఏవీఎన్ కాలేజీ పేరులో అంకితం వారి పేరుంది, ఆంధ్రా యూనివర్సిటీకి జయపురం మహారాజా విక్రమదేవవర్మ గారి దానాలున్నాయి. నార్వే వాళ్లకు జమీందార్లు లేరు. గోధుమ పండితే చందా, పండకపోతే బాకీ. అందుకే 'ఊళ్లు మారడం' వాళ్ల చరిత్రలో ఎక్కువ. ఎవరు స్థలమిస్తే అక్కడికి వెళ్లారు. సూ ఫాల్స్ అగస్టానా చూడండి: షికాగో, పాక్స్‌టన్, మార్షల్, బెలాయిట్, కాంటన్, చివరికి 1918లో సూ ఫాల్స్. మన ఆంధ్రా యూనివర్సిటీ కూడా 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరిందే అనుకోండి, కానీ ఇన్ని మజిలీలు లేవు. మూర్‌హెడ్ కాంకార్డియా అయితే ఎపిస్కోపల్ చర్చి వాళ్లు నడపలేక మూసేసిన బడి భవనాన్ని కొనుక్కుని తెరిచింది.

డబ్బు కష్టాల్లో అన్నిటికంటే బలమైన కథ పసిఫిక్ లూథరన్‌ది. బ్యూగ్ హార్‌స్టాడ్ అనే పాస్టర్ 1890లో పసిఫిక్ తీరాన, వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా ఊరి పక్కన పార్క్‌లాండ్‌లో కాలేజీ తలపెట్టాడు. భూముల ధరలు ఎగబాకుతున్న రోజులు. ప్లాట్లు అమ్మి, వచ్చిన డబ్బుతో కాలేజీ కట్టాలన్నది ఎత్తు. మధురవాడ, భోగాపురం వైపు లేఅవుట్ల బోర్డులు చూసినవాళ్లకు ఇక వేరే చెప్పనక్కర్లేదు. 1893లో మార్కెట్ కుప్పకూలింది. ప్లాట్లు కొనేవాడు లేడు, భవనం సగంలో ఉంది, అప్పులు మిగిలాయి. కిందామీదా పడి 1894 అక్టోబర్‌లో తరగతులు మొదలుపెట్టారు. 1898లో క్లాండైక్‌లో బంగారం దొరుకుతోందని అందరూ ఉత్తరానికి పరిగెడుతుంటే హార్‌స్టాడ్ కూడా బయల్దేరాడు, కాలేజీ అప్పు తీర్చడానికి. పాస్టరు, కాలేజీ ప్రెసిడెంటు, మంచులో బంగారం కోసం! ఏమీ దొరక్క తిరిగొచ్చాడు. కాలేజీ మాత్రం బతికింది. అప్పుడు కట్టిన భవనం ఆయన పేరుతో ఇంకా ఉంది.

పోయినవాటిని కూడా చూడండి

ఇది చాలామంది చేయరు. మిగిలిన కాలేజీల వెనక మూతపడినవి, కలిసిపోయినవి చాలా ఉన్నాయి. హౌగె వర్గం 1879లో తెరిచిన రెడ్ వింగ్ సెమినరీ 1932లో సెయింట్ ఓలాఫ్‌లో కలిసింది. ఫెర్గస్ ఫాల్స్‌లో పార్క్ రీజియన్ లూథర్ కాలేజీ 1917లో మూర్‌హెడ్ కాంకార్డియాలో కలిసింది, ఎందుకంటే ఆ ఏడాదే సైనడ్లు కలిసి ఒకే నార్వేజియన్ లూథరన్ చర్చి అయ్యాయి, ఒకే పని చేసే రెండు కాలేజీలు అవసరం లేకపోయింది. టెక్సస్‌లో క్లిఫ్టన్ 1954లో టెక్సస్ లూథరన్‌లో కలిసింది. ఊళ్లలో ప్రభుత్వ హైస్కూళ్లు వచ్చాక అకాడమీలనే చిన్న బడులు వరసగా రాలిపోయాయి. 1918 మేలో అయోవా గవర్నర్ హార్డింగ్ బహిరంగ ప్రదేశాల్లో ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదని ఆజ్ఞ ఇచ్చాక నార్వే భాషలో నడిచే చదువుకు ఆ దెబ్బ కూడా తగిలింది.

ఇది పాత ముచ్చట కాదు. చిన్న చర్చి కాలేజీలు ఇప్పటికీ మూతపడుతున్నాయి: డెన్మార్క్ వాళ్ల డానా 2010లో, ఫిన్లాండ్ వాళ్ల ఫిన్లాండియా 2023లో. కాబట్టి మీరు చూస్తున్న కాలేజీలో గత ఐదారేళ్లుగా విద్యార్థుల సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా, ఏయే విభాగాలు మూసేశారు అన్నది స్థానిక వార్తల్లో వెతకండి. నాలుగేళ్ల చదువుకు ఇంటి మీద లోన్ తీసుకునేవాళ్లకు ఇది ర్యాంకు కంటే ముఖ్యం. ఈ మాట ఏ కన్సల్టెన్సీ వాళ్లూ చెప్పరు. కమీషన్ ఎవరిస్తున్నారో వాళ్లను అడిగి చూడండి, ముఖం చూస్తేనే తెలుస్తుంది.

ఇక నేటి కాలేజీకి రండి

నోట్‌బుక్కులో ఇప్పుడు శాఖ, తగవు, ఆడపిల్లల సంవత్సరం, డబ్బు దారి ఉన్నాయి. ఇప్పుడు కాలేజీ సైట్‌లో అకడమిక్ కేటలాగ్ తెరవండి. బ్రోషర్ కాదు, కేటలాగే. అందులో అందరికీ తప్పనిసరైన కోర్సులు ఏమిటో చూడండి. చాలాచోట్ల మతం గురించి కనీసం ఒక కోర్సు ఉంటుంది. అది మతం మార్చే క్లాసు కాదు, చదువుకునే క్లాసు. మన పిల్లలు హిందువులైనా ముస్లింలైనా చదవొచ్చు, వాదించొచ్చు. చాపెల్ ఉంటుంది, వెళ్లడం పిల్లల ఇష్టం. అయినా ఏ కాలేజీకి ఆ కాలేజీ తేడా ఉంటుంది. 1917 కలయికకు ఒప్పుకోని కొద్దిమంది నడిపే మాన్‌కేటో బెథనీ లాంటిచోట చర్చి పట్టు ఇంకా గట్టిగానే ఉంటుంది. మీ పిల్లకు అది నచ్చుతుందో లేదో ముందే మాట్లాడుకోండి.

ఊరి సంగతి కూడా చెప్పాలి. ఇవి గోధుమ పొలాల మధ్య పుట్టిన కాలేజీలు. నార్త్‌ఫీల్డ్, డెకోరా చిన్న ఊళ్లు. మూర్‌హెడ్‌కు నది దాటితే ఫార్గో ఉంది గానీ, జనవరిలో ఆ నది గడ్డకట్టి ఉంటుంది. ఆర్కే బీచ్‌లో డిసెంబర్ చలికే శాలువా కప్పుకునే పిల్లకు ఆ సంగతి నిజాయితీగా చెప్పండి. ఆ చలి ఇష్టపడో, తప్పకో నార్వే వాళ్లు అక్కడ ఉండిపోయారు. మన పిల్లకు అంత తప్పనిసరి లేదు. నగరం కావాలంటే ఆగ్స్‌బర్గ్, చలి తక్కువ కావాలంటే పసిఫిక్ లూథరన్.

వ్యాసంలో ఎంత వాడాలి

'మా కాలేజీనే ఎందుకు' అని అడిగే చిన్న వ్యాసం దగ్గర పిల్లలకు చేయి జారుతుంది. ఇంత చదివాక అంతా రాసేయాలనిపిస్తుంది. వద్దు. వాళ్ల చరిత్ర వాళ్లకే చెప్పడం ఎందుకు? మీకు అందులో ఒక్క సంగతి నిజంగా తగిలితే, దాన్ని మీ బతుకులో ఒక నిజమైన సంగతి పక్కన పెట్టండి. ఒకబ్బాయి, వాళ్ల నాన్న గాజువాకలో లారీ షెడ్డు నడుపుతాడు, హార్‌స్టాడ్ క్లాండైక్ ప్రయాణం గురించి రెండు వాక్యాలు, తమ షెడ్డు అప్పు గురించి ఒక పేరా రాశాడు. ముందు రాసిన చిత్తుప్రతిలో ప్రెసిడెంట్ల పేర్లన్నీ ఉండేవి, అవన్నీ నేనే కొట్టేయించాను. పొగడ్తలు కూడా కొట్టేయండి. 'మీ మహత్తర వారసత్వం' లాంటివి చదివీ చదివీ వాళ్లకు విసుగొచ్చి ఉంటుంది.

ఇంకా లోతుకు వెళ్లాలనుకుంటే రెండు చోట్లున్నాయి. నార్త్‌ఫీల్డ్‌లో 1925 నుంచి నార్వేజియన్-అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ ఉంది, దాని పాత సంపుటాల్లో ఈ తగవులన్నిటి మీదా వ్యాసాలున్నాయి, చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. డెకోరాలో వెస్టర్‌హైమ్ మ్యూజియం ఉంది, అది 1877లో లూథర్ కాలేజీ సేకరణగా మొదలైంది. ప్రతి కాలేజీ లైబ్రరీకీ ఆర్కైవ్స్ విభాగం ఉంటుంది, దానికో ఈమెయిల్ ఉంటుంది. ఒక్క ప్రశ్న, స్పష్టంగా, నాలుగు వాక్యాల్లో రాయండి: ఫలానా ఏడాది ఫలానా సభలో ఏం జరిగింది, దానిమీద చదవడానికి ఏముంది? సీటు గురించి, స్కాలర్‌షిప్ గురించి ఆ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా కలపొద్దు. డిసెంబర్ సెలవుల్లో రాస్తే జవాబు జనవరి దాకా రాదు, అందుకని అక్టోబర్‌లోనే రాసెయ్యండి.